కాంతి రాయబారం

మన సాహిత్యంలో రాయబారులకు కొదవ లేదు. నలుని మాటను దమయంతికి హంస చేరవేసింది. రాముని ఉంగరాన్ని సీతకు హనుమంతుడు అందించాడు. కాళిదాసు సృష్టించిన యక్షుడు రామగిరిపై నిలిచి, అలకాపురిలోని భార్యకు తన క్షేమం తెలుపుమని మేఘాన్నే వేడుకున్నాడు. ఈ కథలను ఎన్నో ఏళ్లుగా తరగతిలో చెబుతున్నాను. ఒక వర్షాకాలపు ఉదయం మేఘసందేశం గురించి వివరిస్తుండగా ఒక విద్యార్థిని లేచి, “మేఘం వెళ్లేసరికి ఆమె అక్కడ లేకపోతేనో సార్?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నా చిన్నతనంలో మా అన్నయ్య సైన్యంలో పనిచేసేవాడు. నాయనమ్మకు జబ్బు ముదిరిందని నాన్నగారు ఉత్తరం రాశారు. అది చేరేసరికి అన్నయ్య మరో శిబిరానికి తరలిపోయాడు. మూడు వారాల తరువాత, చిరునామాపై కొట్టివేతలతో ఆ ఉత్తరం మా ఇంటికే తిరిగివచ్చింది. అప్పటికి నాయనమ్మ లేదు. మనవడు వస్తాడని ఆమె చివరిదాకా గుమ్మం వైపే చూసింది. రాసినవారి తప్పు లేదు, మోసినవారి తప్పూ లేదు. అన్నయ్య అంతకుముందున్న చోటికి ఉత్తరం వెళ్లింది, అంతే.

ఆ సాయంత్రం, 2023 డిసెంబరులో చదివిన ఒక వార్త గుర్తుకు వచ్చింది. సైకి అనే గ్రహశకలం వైపు అదే పేరుగల అంతరిక్షనౌకను నాసా 2023 అక్టోబరు 13న పంపింది. అందులో లేజరు కిరణంతో సమాచారం పంపే పరికరాన్ని పరీక్షార్థం అమర్చారు. డిసెంబరు 11న ఆ నౌక 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, అంటే చంద్రుని దూరానికి సుమారు 80 రెట్ల నుంచి, 15 సెకన్ల దృశ్యాన్ని భూమికి పంపింది. అందులో టేటర్స్ అనే పిల్లి ఒక ఎర్రని కాంతిచుక్కను తరుముతూ ఉంటుంది. ఇంత గంభీరమైన ప్రయోగానికి పిల్లి ఆటను ఎంచుకున్న శాస్త్రజ్ఞుల రసికత నాకు నచ్చింది!

లేజరు సందేశం రేడియో సందేశం కంటే త్వరగా చేరుతుందని నేను భ్రమపడ్డాను. మా కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకులు సరిదిద్దారు. రెండింటి వేగమూ ఒక్కటే. కాని లేజరు కిరణం ఎక్కువ సమాచారాన్ని మోయగలదు. ఆ పిల్లి సెకనుకు 26.7 కోట్ల బిట్ల చొప్పున 101 సెకన్లు ప్రయాణించి కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండమీది హేల్ దూరదర్శినికి చేరింది.

అసలు చిక్కు గురిలో ఉంది. రేడియో తరంగాలు భూమిని దాటి విశాలంగా పరచుకుంటాయి. లేజరు కిరణం అంత దూరం వచ్చినా కొన్ని వందల కిలోమీటర్లకు మించి విస్తరించదు. సూర్యుని చుట్టూ తిరిగే భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు కదులుతుంది. ఆ 101 సెకన్లలోనే 3,000 కిలోమీటర్లు జరిగిపోతుంది! నౌకకు ఆనవాలుగా టేబుల్ పర్వతం నుంచి మరొక లేజరు దీపాన్ని చూపుతారు. ఆ దీపం కనిపించే చోటు భూమి అప్పటికే విడిచిన చోటు. అందుకే నౌక దీపాన్ని చూస్తూనే, భూమి చేరబోయే చోటును లెక్కించి, అటు గురిపెడుతుంది. 2025 సెప్టెంబరులో ముగిసిన ఆ ప్రయోగంలో 49 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి కూడా ఈ గురి నిలిచింది.

మరునాడు ఈ గురి సంగతి ఆ విద్యార్థినికి చెప్పాను. శ్రద్ధగా విని, “మరి మబ్బు పట్టిన రోజున?” అంది. దట్టమైన మేఘాన్ని ఆ కిరణం దాటలేదనీ, ఆకాశం నిర్మలంగా ఉన్న మరోచోట ఇంకొక దూరదర్శిని ఉండాలనీ అన్నాను. కాళిదాసుకు దూత అయిన మేఘమే ఈ రాయబారికి విరోధి. ఆమె ఇంకేదో అడగబోయింది. ఇంతలో జల్లు లోపలికి కొట్టింది. కిటికీలు మూయమని చెప్పి, మేఘం దాటవలసిన తరువాతి కొండ దగ్గర పాఠం అందుకున్నాను.