చివరి చుక్కవరకు



నీ యింటిలో శుక్లమునకు శస్త్రచికిత్స జరిగినవారున్నయెడల ఈ నాలుగు మాటలు వారికి చదివి వినిపించుము. ఇవి వైద్యుని మాటలు కావు. తప్పుచేసి దిద్దుకొనిన యొక ముసలి ఉపాధ్యాయుని మాటలు.

2023 నవంబరులో నా కుడికంటి శుక్లము తీసి, దాని స్థానమున కృత్రిమ కటకము నమర్చిరి. ఇట్టి కటకమును మొదట మనుష్యుని కంటిలో నుంచినవాడు లండనులోని హెరాల్డ్ రిడ్లీ యను వైద్యుడు. అది 1949వ సంవత్సరము. మరునాడు కట్టు విప్పగా గోడమీది కేలెండరు అంకెలు తేటగా కనబడినవి. చుక్కలమందు సీసా యిచ్చి, మొదటి వారము దినమునకు ఆరుసారులు, పిమ్మట వారవారము తగ్గించుచు ఆరు వారములు వేయవలెనని చీటీ వ్రాసిరి. కోడలు వేళ తప్పక వేయుచుండెను.

పండ్రెండవ దినమున నేనే వద్దంటిని. "కన్ను బాగుగానే యున్నదమ్మా, ఇంకెందుకు?" అంటిని. "డాక్టరుగారు ఆరు వారములన్నారు గదా మామయ్యా" అని ఆమె రెండుసారులు చెప్పినది. నేను వినలేదు. చదువుకొనినవాడనను గర్వము నా చెవులు మూసెను.

నాలుగు దినములు గడచునప్పటికి కన్ను ఎఱ్ఱబడి, లోపల సలుపు పుట్టెను. వెలుతురు సహింపలేకపోతిని. ఆదివారమున కీర్తనల పుస్తకము తెరువగా అక్షరములన్నియు మసకగా నుండెను. ఆ క్షణమున నాకు కలిగిన భయము ఇంతింత యని చెప్పజాలను.

డాక్టరుగారు పరీక్షించి, కోపపడక, "పెద్దయ్యగారూ, ఇది నివురుగప్పిన నిప్పు" అనిరి. "శస్త్రచికిత్స యనగా గాయమే. గాయమైనచోట శరీరము వాపు పుట్టించును. ఈ స్టెరాయిడు మందు దానిని అణచును. నడుమ మానితే వాపు మరల లేచును" అని బోధపరచిరి. ఈ జాతి మందుయొక్క బలము 1948లో అమెరికాలో వెల్లడియైనదట. కీళ్లవాపుతో మంచము పట్టిన యొక స్త్రీకి ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిసోను ఇయ్యగా, కొద్ది దినములలోనే ఆమె లేచి నడిచెను. 1950లో ఆయనకును మరి యిద్దరికిని నోబెలు బహుమానము లభించెను.

గంటకొక చుక్క చొప్పున మరల మొదలుపెట్టి, మెల్లమెల్లగా తగ్గించిరి. పోయినప్పుడెల్ల కంటిలోని ఒత్తిడి కొలిచిరి. ఈ మందు కొందరిలో ఆ ఒత్తిడిని పెంచి, నొప్పి తెలియకుండనే కంటినరమును చెరుపునట. కాబట్టి చెప్పినదానికంటె తక్కువైనను కీడే, ఎక్కువైనను కీడే. జనవరి మొదట నా చూపు నిలకడయైనది. సీసాలో కొంత మందు మిగిలినది. దానిని గూటిలో దాచితిని.

సంక్రాంతికి ముందు కుప్పనూర్పుల కాలమున పొరుగింటి చిన్నవాడు ఎఱ్ఱని కంటితో వచ్చి, "మాస్టారూ, వరి ఆకు కొట్టుకొన్నది. మీ చుక్కలమందు రెండు చుక్కలు వేయండి" అని అడిగెను. నేను సీసా చేతికి తీసికొంటిని. మూత కూడ తీసితిని. అప్పుడు డాక్టరుగారి మాట జ్ఞాపకము వచ్చినది: ఒకరి కంటిమందు మరియొకరికి వేయరాదు. మొదటి బస్సుకే వానిని తీసికొనిపోతిని. ఆకు గీసినచోట బూజుజాతి సూక్ష్మజీవులు చేరి పుండైనదనియు, ఈ మందు పడియుండినయెడల ఆ పుండు చెలరేగి కన్నే పోయియుండుననియు చెప్పిరి. రెండు నెలల చికిత్సతో వాని కన్ను దక్కినది, గాని చిన్న మచ్చ మిగిలినది. ఆ సాయంత్రమే నా సీసా పారవేసితిని.

చదువరీ, చుక్కలు వేయుటకు ముందు చేతులు కడుగుము. మందు పాలవలె తెల్లగా నున్నచో సీసాను బాగుగా కుదుపుము. ఒక్క చుక్క చాలును. సీసా మొన కంటికి తగులనీయకుము. రెండు మందులున్నయెడల నడుమ అయిదు నిమిషములు ఆగుము. నొప్పి హెచ్చినను, చూపు తగ్గినను, చీము కారినను తెల్లవారువరకు ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి పొమ్ము.

మేలు కలుగుచున్నదని తోచగానే చేయుచున్న పని విడిచిపెట్టుట మనకు అలవాటు. నేను విడిచి చూచితిని. నీవు చివరి చుక్కవరకు ఓపిక పట్టుము. నీ యింటి గూటిలో మిగిలిపోయిన సీసా యున్నదేమో నేడే చూడుము.