మచ్చ మిగలని ఆపరేషన్

"కోత ఎంత పెడ్తరు సారూ?"

పసిపిల్లలకు కిడ్నీ ఆపరేషన్ అనగానే ఇంటివాళ్లు మొదట అడిగేది ఇదే. ఆ నాయనమ్మా అదే అడిగింది. ఎనిమిది నెలల మనవడు ఆమె ఒళ్లో కూర్చుని నా స్టెతస్కోపు లాగుతున్నాడు. వాడికి జ్వరం లేదు, ఏడుపు లేదు. తల్లికి ఐదో నెలలో తీసిన టిఫా స్కానింగ్‌లో ఎడమ కిడ్నీకి నీరు పట్టిందని తేలింది, అంతే.

కడుపులో ఉండగా ఇలా నీరు కనిపించిన పిల్లల్లో ఎక్కువమందికి కత్తితో పని పడదు, పుట్టాక దానంతటదే తగ్గుతుంది. అందుకే మేమూ ఆగాం. మూడో నెలలో తీసిన రీనోగ్రామ్‌లో రెండు కిడ్నీల పనిలో ఎడమదాని వాటా 46 శాతం. ఎనిమిదో నెలకు 34కి పడిపోయింది. కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట కండరం మూత్రాన్ని కిందికి నెట్టలేకపోతోంది. వెనక నిలిచిన మూత్రం కిడ్నీని ఉబ్బించి పలచన చేస్తోంది. ఇక ఆగకూడదు.

పని చేయని ఆ ముక్కను తీసేసి, మంచి నాళాన్ని కిడ్నీ సంచికి వెడల్పుగా తిరిగి కుట్టాలి. షెఫీల్డ్‌లో ఆండర్సన్, హైన్స్ 1949లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ. మారింది లోపలికి వెళ్లే దారి. 1995లో క్రెగ్ పీటర్స్, ఆయన సహచరులు పిల్లల్లోనూ దీన్ని ల్యాపరోస్కోపీతో చేయవచ్చని చూపారు. మేం బొడ్డు దగ్గర 5 మిల్లీమీటర్ల కెమెరా, పక్కన 3 మిల్లీమీటర్ల పరికరాలు రెండు వాడతాం.

ఏడు కిలోల బిడ్డ పొట్టలో చోటెంతని! లోపలికి నింపే గాలి పీడనం 8 నుంచి 10 ఎంఎం హెచ్‌జీ దాటనివ్వం, దాటితే ఊపిరికి, గుండెకు భారం. ఎడమ వైపు మాత్రం ఒక సుళువుంది: పెద్దపేగును పట్టి ఉంచే పలచటి పొర వెనకే ఉబ్బిన సంచి కనబడుతుంది. పేగును కదపకుండా ఆ పొరలోనే చిన్న కిటికీ తెరిస్తే చాలు. నాళం ఉడికిన సేమ్యా పోగుకన్నా కాస్త లావు. దారం వెంట్రుకంత. కింది మూలన పడే మొదటి కుట్టు కుదిరితే మిగతావి కుదురుతాయి. ఇన్నేళ్లయినా ఆ ఒక్క కుట్టు దగ్గర నాకు ఊపిరి ఆగుతుంది. కుట్ల లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం వదిలి బయటికి వస్తాం. నాలుగు నుంచి ఆరు వారాల్లో దాన్ని తీసేయాలి.

ఈ స్టెంటే నాకు ఒక పాఠం నేర్పింది. కొన్నేళ్ల క్రితం పాలమూరు వైపు నుంచి ఐదేళ్ల పాప వచ్చింది. ఆపరేషన్ చక్కగా జరిగింది, మూడో రోజు పరుగెత్తుతూ ఇంటికెళ్లింది. మళ్లీ చూసింది పదహారు నెలల తర్వాత, చలిజ్వరంతో, మూత్రంలో రక్తంతో. స్టెంట్ రెండు కొసల మీదా రాయి పేరుకుంది. దాన్ని తీయడానికి ఆ చిన్నదానికి మూడుసార్లు మత్తివ్వాల్సి వచ్చింది. అమ్మానాన్నలు కట్టడం పనికి పుణె వెళ్లిపోయారట. "నొప్పి లేదు, కుట్లు కూడ కానరాలె. అంతా అయిపోయిందనుకున్నం సారూ," అంది తల్లి.

ఆమె తప్పేమీ లేదు. పొడవాటి కోత ఉంటే స్నానం చేయించినప్పుడల్లా గుర్తొచ్చేది. మచ్చ లేకుండా చేశామని నేను మురిసిపోయాను, లోపల ఏం మిగిలిందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేదు. తేదీ రాసిచ్చాను, అదీ ఇంగ్లిష్ కాగితం మీద, మందుల పేర్ల మధ్య.

ఆ తర్వాత స్టెంట్లకు వేరే రిజిస్టరు పెట్టాం. తేదీ దాటితే మా నర్సమ్మ ఫోన్ చేస్తుంది. డిశ్చార్జికి ముందు స్టెంట్‌ను ఇంటివాళ్ల చేతికిచ్చి చూపిస్తాను, తేదీ వాళ్ల నోటితోనే చెప్పిస్తాను.

ఈ నాయనమ్మ తేదీ చెప్పలేదు. శివరాత్రికి ముందు ఆపరేషన్ అయితే, వేళ్లు ముడుస్తూ లెక్క కట్టి, "ఉగాది పోయినంక సోమవారం," అంది. ఆ సోమవారం ఓపీ తెరవక ముందే మెట్ల మీద కూర్చుని ఉంది. పది నిమిషాల్లో స్టెంట్ తీసి చూపించాను. మూడు నెలలకు కిడ్నీ పని మళ్లీ చూడాలన్నాను.

మనవణ్ణి భుజానేసుకుని మళ్లీ వేళ్లు ముడిచింది. "అంటే తొలి ఏకాదశికి సారూ."