రాట్నానికి నీటిరంగులు

అమెరికాలో ఆర్థిక మాంద్యం వల్ల పని కోల్పోయిన చిత్రకారులకు ఉపాధి కల్పించేందుకు 1935లో మొదలై 1942 వరకు సాగిన ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’ అనే ప్రభుత్వ ప్రణాళిక కింద కుండలు, కుర్చీలు, బొమ్మలు, రాట్నాలు వంటి పాత వస్తువులకు దాదాపు 18,000 చిత్రాలు తయారయ్యాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్న ఆ సంపదలో సిరిసిల్ల నేతకుటుంబం నుంచి వెళ్లిన ప్రవాసిని రాట్నం చిత్రమే ఎక్కువసేపు నిలబెడుతుంది.

రంగుల ఫొటో ఇంకా నమ్మదగినదిగా లేని ఆ కాలంలో నీటిరంగులను, అంటే నీటితో పలుచన చేసి పొర మీద పొరగా పూసే వర్ణాలను, ఎంచుకున్న చిత్రకారులు వెనుక గదిని గాని మనిషిని గాని చూపకుండా వస్తువును ఒంటరిగా నిలిపి, మెరుపు కోసం కాగితపు తెలుపునే వదిలి, చేయి తగిలి నునుపెక్కిన పిడిని, చెక్కలోని పగులును సైతం శ్రద్ధగా దించారు. బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం చిత్రాల్లో మనుషులే నిండుగా ఉంటారు. ఈ రాట్నం చిత్రంలో మనిషి కనిపించడు, అయినా అతని శ్రమ అంతా ఆ అరుగుదలలో ఉంది.

సిరిసిల్లలో చేనేత సాగిన రోజుల్లో మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడుగా పేరు పొందగా, రాట్నం తిప్పుతూ కండెలు, అంటే పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో అమర్చే పేక నూలు చుట్టలు, సిద్ధం చేసిన ఇంటి ఆడవారి పనికి విడిగా పేరూ లేదు, కూలీ లేదు. మరమగ్గాలు వచ్చాక ఆ రాట్నం మూలకు చేరింది. ఆడవారి శ్రమకు మరో గుర్తు చాట. కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో బియ్యం చెరిగే చాటనే ఒళ్లో పెట్టుకుని స్త్రీలు బీడీలు చుడతారు. గల్ఫ్‌కు వెళ్లిన మగవారి వెనుక ఇల్లు నిలిపిన ఆ చాటకు పట్టిన పొగాకు మరక కూడా చిత్రించదగినదే.

ఇండెక్స్ ప్రణాళికను ప్రతిపాదించినవారిలో ఒకరైన వస్త్ర రూపకర్త రూత్ రీవ్స్ 1956లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి హస్తకళల అధ్యయనంలోనే ఉండిపోయి, 1966లో ఢిల్లీలో మరణించారు. ఆ ప్రణాళిక పద్ధతిలోనే రాట్నాన్ని, నూలు పోసే చట్రమైన ఆసును, నాడెను, చాటను కొలతలతో సహా చిత్రించే పని సిరిసిల్లలో వెంటనే జరగాలి. ప్రతి చిత్రం కింద వస్తువును చేసిన వడ్రంగి లేదా మేదరి పేరుతో పాటు, దాన్ని వాడిన స్త్రీ పేరు కూడా ఆమె సమ్మతితో నమోదు కావాలి.