వెలుగు తాకితే పలికే గడ్డ



మార్కాపురం పలకల పనిలో ఉన్నవాళ్లకు తెలుసు: పలకను వేలితో కొట్టి మోత వింటే, కంటికి కనబడని పగులు తెలిసిపోతుంది. ఒంట్లోని గడ్డను కూడా ఇప్పుడు అలా వినే పద్ధతి వచ్చింది. అయితే కొట్టేది వేలితో కాదు, వెలుగుతో.

లేజరు వెలుగును సెకనులో కోటోవంతు కూడా ఉండనంత సేపు చర్మం మీదికి పంపుతారు. లోపలి నెత్తురు దాన్ని పీల్చుకొని, రవ్వంత వేడెక్కి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు మన చెవికి అందని శబ్దం పుడుతుంది. చర్మం మీద ఆనించిన పరికరం దాన్ని విని బొమ్మ చూపిస్తుంది. క్యాన్సరు గడ్డ తాను పెరగడానికి కొత్త రక్తనాళాలు అల్లుకుంటుంది గనుక ఆ నెత్తురే దాన్ని పట్టిస్తుంది. వెలుగు శబ్దం పుట్టిస్తుందని గ్రాహంబెల్ 1880లోనే కనుగొన్నాడు. 2021లో అమెరికాలో రొమ్ము గడ్డల పరీక్షకు ఇలాంటి యంత్రానికి అనుమతి వచ్చింది.

ఇది చదివినప్పుడు మాకు గిద్దలూరు వైపు పల్లెలోని ఒక సహోదరి గుర్తొచ్చింది. రొమ్ములో గడ్డ సంగతి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. చివరికి మాకు చెప్పింది. మేము ప్రార్థన చేసి ఇంటికి పంపాము, ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. మరో రెండు నెలలు గడిచి ఒంగోలు వెళ్లేసరికి గడ్డ చంకలోకి పాకింది. ఆ ఆలస్యం మాది.

దేవునికి మన లోపలిదంతా తెలుసు. డాక్టరుకు మాత్రం మనమే చెప్పాలి.

అమ్మలారా, అక్కలారా, ఆ యంత్రం వచ్చేదాకా ఆగనక్కరలేదు. చేతికి గడ్డ తగిలితే దాచకండి. మాకు చెప్పండి. ప్రార్థన చేస్తాం, ఆ రోజే మీతో బస్సెక్కుతాం. ఆమేన్.