మూడో గేరూ, మా వదిన షరతూ

పాత వస్తువుల్ని వదల్లేని మగవాళ్ళు రెండు రకాలు. మొదటి రకంవాళ్ళు ఆ వస్తువుని అటకెక్కించి మరిచిపోతారు. వాళ్ళతో మనకి పేచీ లేదు. పండక్కి బూజులు దులిపేటప్పుడు నాలుగు తిట్టుకుని ఊరుకుంటాం. రెండో రకంవాళ్ళు దాన్ని రోజూ వాడుతూనే వుంటారు. అది మూలిగితే వీళ్ళూ మూలుగుతారు. దానికి జలుబు చేస్తే వీళ్ళకి అన్నం సయించదు. మా అన్నయ్య రెండో రకం. ఆయన వస్తువు 1994 నాటి మహీంద్రా ఎమ్.ఎమ్. 540 జీపు.

అన్నయ్య పశువుల డాక్టరుగా చేసి, రిటైరయి, నర్సీపట్నంలో స్థిరపడ్డాడు. రిటైరైన సంగతి ప్రభుత్వానికి తెలుసు, పెన్షను ఇచ్చేవాళ్ళకి తెలుసు. చింతపల్లి కొండల మీది ఆవులకీ మేకలకీ మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. వారానికి రెండుసార్లు లంబసింగి ఘాటెక్కి వెళతాడు. తారురోడ్డు ఆగిపోయిన చోట మొదలయ్యే దారులున్నాయి చూశారూ, రాళ్ళూ, బురదా, మధ్యలో వాగూ, అక్కడికి మామూలు కారు పోదు. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. అంచేత ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ జీపుకి రిటైర్మెంటు లేదు.

ముప్ఫై ఏళ్ళు కొండలెక్కాక ఎవరికైనా కీళ్ళు అరుగుతాయి. కిందటి వర్షాకాలంలో ఘాటు దిగుతూ వుంటే మూడో గేరు దానంతటదే ఊడి న్యూట్రల్లోకి వచ్చేసింది. ఇదేమంత పెద్ద విషయమా అనిపించవచ్చు. దిగుడులో బండిని పట్టి వుంచేది సగం బ్రేకయితే సగం ఇంజను. చిన్న గేరులో వున్నంతసేపూ ఇంజనే బండికి పగ్గం. గేరు ఊడిందంటే పగ్గం తెగిన ఎడ్లబండే. ఇక బ్రేకొక్కటే దిక్కు. అదీ వేడెక్కిన కొద్దీ పట్టు వదులుతుంది. అన్నయ్య అనుభవం వున్నవాడు కనుక మళ్ళీ గేరు వేసి, కర్రని ఎడమ చేత్తో అదిమి పట్టుకుని, కొండ అడుగుదాకా ఒంటి చేత్తో దించాడు.

ఆ రోజు పక్క సీటులో మా వదిన వుంది. ఇంటికి వచ్చాక కాఫీ కలిపి ఇచ్చి, "గేరు బాగుచేయిస్తారా, జీపు అమ్మేస్తారా? రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి" అంది. వదిన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఏడాదికి ఒక్క షరతు పెడుతుంది. అందుకే దానికి విలువెక్కువ.

అలా అన్నయ్యా, వదినా, జీపూ విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చి పది రోజులున్నారు. గాజువాక ఆటోనగర్‌లో అన్నయ్య నమ్మే మేస్త్రీ ఒకాయన వున్నాడు. రోజూ పొద్దున్నే అక్కడికి ప్రయాణం, సాయంత్రం నూనె మరకలతో రాక, రాత్రి భోజనాల బల్ల దగ్గర మహాసభ.

నేను బి.ఏ. చదివినదాన్ని. నా నవలల్లో కార్లు హీరోని గుమ్మం ముందు దింపి వెళ్ళిపోతాయి. వాటి కడుపులో ఏముందో అడిగే పాఠకురాలు ఇంతవరకూ నాకు తగల్లేదు. కానీ ఆ పది రోజుల్లో పప్పు గిన్నె ఒక గేరు, పులుసు గిన్నె ఇంకో గేరు అయి కూర్చుంటే నేర్చుకోక తప్పుతుందా? నాకు అర్థమైనంతలో గేరు పెట్టె చేసేది బేరం. వేగం ఇచ్చి బలం పుచ్చుకోవడం, లేదా బలం ఇచ్చి వేగం పుచ్చుకోవడం. చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పితే తిరుగుడు తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందంటే, పాత సి.జె.-3బి జీపు లెక్క అన్నయ్య కాగితం మీద వేసి చూపించాడు. 1953లో అమెరికాలో విల్లీస్ కంపెనీ తెచ్చిన బండి అది. ఇక్కడ మహీంద్రావారు లైసెన్సు మీద తయారుచేశారు. దానికి మూడే గేర్లు. మొదటి గేరు 2.8. గేరు పెట్టె వెనక ట్రాన్స్‌ఫర్ కేసని ఇంకో చిన్న పెట్టె వుంటుంది, అందులో 'లో' వేస్తే 2.46. ఇరుసులో 5.38. ఈ మూడూ హెచ్చవేస్తే సుమారు 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. మనిషి పక్కన నడుస్తూ కబుర్లు చెప్పవచ్చు. అంత నెమ్మది. కొండెక్కే బలం ఆ నెమ్మదిలోనే వుంది.

అన్నయ్య జీపు ఆ వంశంలోదే. 1985లో వచ్చిన ఈ ఎమ్.ఎమ్. 540 జీపుకి ప్యూజో డిజైను 2,112 సి.సి. డీజిల్ ఇంజనూ, కె.ఎమ్.టి. 90 అనే నాలుగు గేర్ల పెట్టే వున్నాయి. తప్పు ఆ పెట్టెది కాదు, వయసుది.

మేస్త్రీ ముందు పానా పట్టుకోలేదు. చెవి పెట్టాడు. బండి ఆపి, న్యూట్రల్లో వుంచి, క్లచ్చి వదిలితే గురగురమంది. క్లచ్చి తొక్కితే ఆగిపోయింది. అంటే ఇంజను వైపు షాఫ్టుకి వున్న బేరింగు పోయిందన్నమాట. తరవాత రోడ్డెక్కించాడు. రెండో గేరులో, మూడో గేరులో కూత. నాలుగో గేరులో ఆ కూత లేదు. నాలుగో గేరులో శక్తి నేరుగా వెనక్కి పోతుంది, కింద తిరిగే లే షాఫ్టు మీద బరువు పడదు. కనక దాని బేరింగులూ అరిగాయి. గేరు ఊడటానికి కారణం మూడో గేరు పళ్ళు గుండ్రంగా అరిగిపోవడం, దాన్ని తోసే ఫోర్కు వదులవడం. ఇంత సంగతి మూత విప్పకుండా చెప్పాడు. అన్నయ్య నాతో, "నేనూ ఆవుని ఇలాగే చూస్తానే" అన్నాడు గర్వంగా.

ఇత్తడి సింక్రో రింగులు కూడా పోయాయట. అవేమిటని అడిగాను. వేరువేరు వేగాలతో తిరిగే గేరునీ షాఫ్టునీ ఉన్నపళంగా కలిపితే కర్రుమని పోట్లాడుకుంటాయి. మధ్యలో ఈ ఇత్తడి రింగు దూరి, తాను రాసుకుని, ఇద్దరి వేగమూ ఒకటి చేసి, అప్పుడు కలవనిస్తుంది. వెనకటి ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటి మనిషి ఒకరుండేవారు. ముందు అరిగిపోయేది కూడా వాళ్ళే.

ఇక ఏం చెయ్యాలి? దారులు మూడు.

ఒకటి, తుక్కయిపోయిన ఇంకో జీపు నుంచి ఇలాంటి పెట్టెనే కొనడం. ఆటోనగర్‌లో అలాంటివి నాలుగు చూశారు. ఎంచే పద్ధతి వంకాయలు ఏరినట్టే. మూత తీసి పళ్ళు చూడాలి. షాఫ్టు పట్టుకుని ఊపితే ఆడకూడదు. ఒక్కో గేరూ వేసి చేత్తో తిప్పాలి. అడుగు నూనె వేలికి రాసుకుని చూడాలి. ఇనుప రజను కనిపిస్తే పళ్ళు రాలుతున్నట్టు, బంగారంలా మెరిస్తే ఇత్తడి రింగులు కరుగుతున్నట్టు, పాలలా తెల్లగా వుంటే నీళ్ళు దిగినట్టు. నాలుగు పెట్టెల్లో మూడు అక్కడే పోయాయి. నాలుగోది బాగానే వుంది గానీ దాని వయసూ మన పెట్టె వయసే.

రెండోది, 2000లో వచ్చిన బొలేరోల్లోని ఐదు గేర్ల పెట్టె వేయించడం. ఇది మా మేనల్లుడి పట్టు. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆ అబ్బాయి రోజూ రాత్రి ఫోనులో, "అత్తయ్యా, నాన్నకి నువ్వే చెప్పు. ఐదో గేరుంటే హైవే మీద ఇంజను హాయిగా తిరుగుతుంది" అనేవాడు. నిజమే. కానీ మేస్త్రీ వేళ్ళు మడిచి చెప్పాడు. ఎక్కువ బొలేరోలు వెనక చక్రాలే లాగేవి. వాటి పెట్టెకి ట్రాన్స్‌ఫర్ కేసు తగిలించే చోటే వుండదు. ఫోర్ వీల్ బండి పెట్టె వెతకాలి. ఇంజనుకి అతికే ముందు గిన్నె కుదరాలి. క్లచ్చి ప్లేటు గాళ్ళు షాఫ్టుతో కలవాలి. పెట్టె పొడుగైతే వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కొయ్యాలి. పొట్టి జీపులో ఆ షాఫ్టు ఇంకా పొట్టిదైతే ఏటవాలు పెరిగి, అదురు పుట్టి, జాయింట్లు తొందరగా పోతాయి. కింది రేకు కొయ్యాలి, గేరు కర్ర ఎక్కడ తేలుతుందో చూడాలి.

మూడోది, మన పెట్టెనే విప్పి బేరింగులూ, రింగులూ, మూడో గేరూ, ఫోర్కూ, సీళ్ళూ అన్నీ కొత్తవి వెయ్యడం.

ఇదిలా వుండగా మేనల్లుడు ఒక జాబితా కూడా పంపాడు. బండి ఎత్తు పెంచడం, 31 అంగుళాల టైర్లు, వించి, ముందు ఇనప బుల్ బారు, కప్పు మీద దీపాల వరస. మావారు దాన్ని చదివి, "ఇది జీపా, ఊరేగింపా?" అన్నారు. అన్నయ్య మళ్ళీ కాగితం తీశాడు. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే చక్రం ఒక చుట్టుకి 11 శాతం ఎక్కువ దూరం పోతుంది. అంటే అన్ని గేర్లూ అంతమేరకు బలహీనపడ్డట్టే. పైగా స్పీడు ముల్లు తక్కువ చూపిస్తుంది, బ్రేకుకి పని పెరుగుతుంది. బుల్ బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి రూపురేఖలు మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఆ మాటే చెప్పింది. నాలుగు చక్రాలకీ పాత డ్రమ్ము బ్రేకులే వున్న బండికి కప్పు మీద దీపాలంటే, మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె అన్నట్టే కదా!

ఏడో రోజున వదినా నేనూ కూడా ఆటోనగర్ వెళ్ళాం. మేస్త్రీ మాకు స్టూళ్ళు వేయించి, టీ తెప్పించి, అన్నయ్యతో, "డాక్టరుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏటనుకోకండి. ఈ బండి తవఁరు మరెన్నేళ్ళు నడుపుతారు?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. అంతవరకూ మేమందరం జీపు వయసే లెక్కపెడుతున్నాం. అన్నయ్యకి అరవై ఆరు. ఎడమ మోకాలు క్లచ్చి తొక్కినప్పుడల్లా చెబుతూనే వుంది. ఆయన ఎవరికీ చెప్పడు.

"పదేళ్ళు" అన్నాడు అన్నయ్య.

వదిన టీ గ్లాసు కింద పెట్టింది. "ఆర్.సి. ఎప్పటిదాకా వుంది?" అని అడిగింది. సొంత బండికి పదిహేనేళ్ళు నిండాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2024లో పొడిగించారు. 2029 దాకా వుంది.

"అయితే అప్పటిదాకా నడపండి. ఆ తరవాత ఘాటెక్కవద్దు" అంది.

అన్నయ్య చాలాసేపు విప్పిన గేర్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన మనసులో ఎన్ని ఊళ్ళు తిరిగాయో నాకు తెలియదు. చివరికి, "సరే" అన్నాడు. అంతే. మా ఇంట్లో ఇంత పెద్ద నిర్ణయం ఇంత చిన్న మాటతో జరగడం నేను చూడలేదు.

ఆ మాటతో మిగతా లెక్కలన్నీ వాటంతటవే తేలిపోయాయి. ఘాటులో ఐదో గేరు పడే చోటెక్కడ? కొండ మీద ఆగిపోతే ఏ పల్లెటూరి మెకానిక్కుకైనా తెలిసిన పెట్టె వుండాలి. కనక మన పెట్టెనే కొత్త ఎముకలతో బిగించాలి. మిగిలిన డబ్బు ముందు చక్రాలకి డిస్కు బ్రేకులకీ, బూస్టరుకీ. డీజిల్ ఇంజనులో బూస్టరుకి కావలసిన పీల్పు దానంతటది పుట్టదు, విడిగా వాక్యూమ్ పంపు వుండాలి. అదీ ఆల్టర్నేటరుతో పాటే వచ్చేది దొరికింది. బ్రేకుల మార్పుకి ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగాలని వదిన గుర్తుచేస్తే, అన్నయ్య అర్జీ పెట్టి అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. తరవాత స్టీరింగు కీళ్ళు. ఆ తరవాత మంచి సీటూ, పక్కనున్నవాళ్ళకి పట్టుకునే కడ్డీ. ఈ ఆఖరిది వదిన చేర్పించింది. ఆపడం, తిప్పడం, కూర్చోవడం. పరిగెత్తించే సంగతి జాబితాలో లేదు. వించి ఒక్కటే మేనల్లుడి కోసం ప్రశ్నార్థకంతో మిగిలింది.

ఇప్పుడు మూడో గేరు ఊడటం లేదు. చింతపల్లి నుంచి ఒక కుర్రాడు ఆయన దగ్గర సూదిమందు వెయ్యడం నేర్చుకుంటున్నాడు. దారిలో అన్నయ్య అతనికి జీపు కూడా నేర్పుతున్నాడట. ఏ మలుపు దగ్గర ఏ గేరు వెయ్యాలో, వాగు దాటాక బ్రేకు ఎలా ఆరబెట్టుకోవాలో చెబుతున్నాడు. ఈ మాట వదినే ఫోనులో చెప్పింది.

"మరి 2029 తరవాత జీపు అమ్మేస్తారా వదినా?" అన్నాను.

"జీపు సంగతి నేనెప్పుడన్నాను? నేను మీ అన్నయ్య సంగతే కదా అన్నది!" అంది.