ట్యాంకు అడుగున నిలిచిన నీళ్ళు

ఈ వారం ఒక సాక్ష్యం రాస్తున్నాం. ఇది విజయ సాక్ష్యం కాదు. ఇందులో ఉన్న కుటుంబాన్ని అడిగి, వాళ్ళు సరే అన్నాకే రాస్తున్నాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధమని మన తీరంలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆ 61 రోజులూ వేట బోట్లు ఒడ్డునే ఉంటాయి. జూన్ 15 తెల్లవారుజామున మొదటి వేటకు వెళ్ళే సహోదరుల కోసం గౌతమి ఒడ్డున ప్రార్థన చేయడం మాకు ఏటా అలవాటు. ఈ ఏడు కూడా ప్రార్థించి, ఇసుక దిబ్బ మీద నిలబడి బోట్లు ఒక్కొక్కటే మొగ వైపు వెళ్ళడం చూస్తున్నాం.

మన సంఘ పెద్ద ఒకాయన బోటు మూడోది. ఆయన, ఆయన కొడుకు, ఇద్దరు కళాసీలు ఉన్నారు. ఏటిలో ఉన్నంతసేపూ ఇంజన్ బాగానే పలికింది. మొగ దగ్గరికి వెళ్ళి కెరటాల మీద బోటు ఊగడం మొదలవగానే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మొగలో ఇంజన్ ఆగడమంటే ఏమిటో ఈ ఒడ్డున పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అక్కడ ఇసుక మేట మీద కెరటం విరుగుతుంది. బోటు దానికి అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది. కొడుకు లంగరు వేశాడు. వెనకొచ్చిన బోటువాళ్ళు తాడు విసిరి లాక్కొచ్చారు. నలుగురూ ప్రాణాలతో ఒడ్డెక్కారు. దేవునికి స్తోత్రం.

మెకానిక్ వచ్చి ట్యాంకు అడుగు నుంచి కొంచెం డీజిల్ తీసి ఒక తెల్ల గాజు సీసాలో పోసి గట్టు మీద పెట్టాడు. పావుగంటలో అది రెండుగా విడిపోయింది. పైన డీజిల్, కింద నాలుగు వేళ్ళ మేర నీళ్ళు, మధ్యలో గోధుమరంగు జిగురు. నీళ్ళు నిలిచిన డీజిల్లో, ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి అలా జిగురు కడతాయని, అదే ఫిల్టరును మూసేస్తుందని అతను చెప్పాడు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములుంటే లీటరు నీళ్ళు కిలో బరువు. అందుకే నీళ్ళు ఎప్పుడూ అడుగుకే పోతాయి. బోటు కదలకుండా ఉంటే పైపుకి అందకుండా అక్కడే ఉంటాయి. కెరటం ఊపినప్పుడు లేచి ఇంజన్లోకి పోతాయి.

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. "ట్యాంకు మూత సరిగ్గా బిగించమని చెప్పానా లేదా? వాన నీళ్ళు పోయాయి చూడు. నలుగురినీ చంపేసేవాడివిరా" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు అందరి ముందూ తల వంచుకుని నిలబడ్డాడు.

మేము ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం ఉంది.

మే నెలలో ఏటి అవతల లంకలో ఒక ఇంటి ప్రార్థనకు ఆ బోటులోనే వెళ్ళాం. ఆయన డబ్బు తీసుకోలేదు. ఊరికే ఎందుకని, గుడి వెనక ఉన్న డ్రమ్ములోంచి చేతి పంపుతో రెండు క్యాన్లు నింపి 20 లీటర్ల డీజిల్ ఇచ్చాం. "ప్రేమతో ఇస్తున్నాం, కాదనకండి" అన్నాం. ఆయన ఆ సాయంత్రమే ట్యాంకులో పోసుకున్నారు. ఆ తర్వాత జూన్ 15 వరకు బోటు కదల్లేదు. అది నిరుడు ఉజ్జీవ కూటాలకు జనరేటర్ కోసం కొన్న డ్రమ్ము. అంతకుముందు అదే డీజిల్ పోసినప్పుడు జనరేటర్ దగ్గి ఆగింది. పాత మిషనులే అనుకుని ఊరుకున్నాం.

ఆ రాత్రి టార్చి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళాం. నిలువుగా నిలబెట్టిన డ్రమ్ము పైన అంచు లోపల వాన నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలిచి ఉన్నాయి. మూత బిగించే ఉంది. అయినా పంపు కొడితే సీసాలోకి మొదట నీళ్ళే వచ్చాయి. తర్వాత మెకానిక్ చెప్పాడు: పగలు ఎండకు డ్రమ్ములో గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక లోపలికి పీల్చుకుంటుంది. ఆ మూత మీద నీళ్ళుంటే నీళ్ళనే పీల్చుకుంటుంది. రోజుకు కొన్ని చుక్కలు, ఎవరూ చూడకుండా.

సెమినరీలో ఒప్పుకోలు గురించి పరీక్ష రాశాం. మంచి మార్కులే వచ్చాయి. ఆ రాత్రి మాత్రం మా మనసు వెతికిన సాకులు ఇన్నీ అన్నీ కావు. "మూత కూడా వదులుగా ఉందేమో ఎవరికి తెలుసు? ప్రాణాలు దక్కాయి కదా. రిపేరు ఖర్చు ఏదో పేరుతో సాయం చేద్దాం. సేవకుని మీద నమ్మకం పోతే పరిచర్యకే నష్టం కదా." ఈ చివరి సాకు అన్నిటికంటే భక్తిగా కనిపించింది. అన్నిటికంటే చెడ్డది కూడా అదే. తెల్లవారేసరికి ఒక్క మాట మిగిలింది: మా తప్పును ఆ కుర్రాడు మోస్తున్నాడు.

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాం. కుర్రాడు రాత్రి అన్నం తినలేదని తల్లి చెప్పింది. అతన్ని కూడా పిలవమని, అతని ముందే చెప్పాం. "నీళ్ళు మీ ట్యాంకు మూతలోంచి రాలేదు. మేమిచ్చిన డీజిల్లో వచ్చాయి. నిన్ననే అనుమానం వచ్చింది. అయినా నోరు విప్పలేదు. బాబూ, నీ మీద పడిన మాట మా మీద పడాల్సింది." 'మేము' అని రాస్తున్నా, ఇందులో సంఘం తప్పు ఏమీ లేదు. సేవకునిదే.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కొడుకు వైపు చూసి, "లేరా, అన్నం తిను" అన్నారు. తర్వాత మాతో, "అయ్యగారూ, ఆ డ్రమ్ములోది ఇంకెవరికీ ఇవ్వకండి" అన్నారు. అంతే. మేము ఊహించుకున్న కోపం కంటే ఆ మాట బరువుగా తగిలింది.

"మంచి డీజిల్ నిండా పోస్తే సరిపోదా?" అని మెకానిక్‌ని అడిగాం. అతను నవ్వాడు. ఎంత మంచి డీజిల్ పోసినా నీళ్ళు దానికిందే ఉంటాయి. అడుగున నట్టు విప్పాల్సిందే. అలాగే విప్పి మొత్తం దింపాడు. ట్యాంకు లోపల గుడ్డతో తుడిచాడు. ఫిల్టర్ మార్చాడు. ఇంజెక్టర్లు కాకినాడ పంపి బాగు చేయించాడు. చివర్లో పైపుల్లో ఎయిర్ తీసి స్టార్ట్ చేశాడు. సీజను మొదట్లో నాలుగు రోజుల వేట పోయింది. రిపేరు ఖర్చు మా ఇంటి డబ్బులోంచి ఇచ్చాం, సంఘం కానుకల్లోంచి కాదు. పోయిన నాలుగు రోజులు మాత్రం తిరిగి ఇవ్వలేం.

ప్రియులారా, మేము కూడా ఎన్నోసార్లు పైనుంచి మంచి డీజిల్ పోసుకున్నాం. ఇంకో ఉపవాస ప్రార్థన, ఇంకో ప్రసంగం, ఇంకో పాట. అడుగున ఒప్పుకోని మాట అలాగే ఉంది. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో అది తెలియదు, కెరటం వచ్చినప్పుడే లేస్తుంది. 32వ కీర్తనలో దావీదు తాను మౌనంగా ఉన్న దినాల్లో ఎముకలు కూడా క్షీణించాయని చెప్పుకున్నాడు. దాచడం మానేసి ఒప్పుకున్నాకే అతనికి విడుదల దొరికింది. యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకొమ్మంటాడు. దేవునికి చెప్పేశాం కదా అని, ఆ కుర్రాడికి చెప్పకుండా తప్పించుకునే వీలు ఆ మాట మాకు ఇవ్వలేదు.

బోట్లున్న సహోదరులకు ఒక మాట. నిషేధానికి ముందు ట్యాంకును నిండుగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమే రాత్రి చలికి నీళ్ళయి దిగుతుంది. డ్రమ్మును కప్పు కింద, అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూతలూ పక్కలకు వచ్చేలా ఉంచండి. మొదటి వేటకు ముందు అడుగు డీజిల్ సీసాలో పట్టి పావుగంట చూడండి. తీసిన మురికి ఏటిలో పారబోయకండి, క్యాన్లో పట్టి మెకానిక్‌కి ఇవ్వండి.

ఆ సీసా ఇప్పుడు మా బల్ల మీద, బైబిలు పక్కన ఉంది. ఆదివారం ప్రసంగానికి ముందు దాన్ని ఒకసారి చూసుకుంటున్నాం.

ప్రభువా, మా అడుగున నిలిచినది మాకు చూపించు. మా తప్పును ఇంకొకరు మోయకముందే నోరు విప్పే ధైర్యం ఇవ్వు. ఈ రాత్రి మొగ దాటుతున్న ప్రతి బోటునూ కాపాడు. ఆమేన్.