పడవకు బండి చూసిన కథ
– పదవ తరగతి విద్యార్థిని

మా నాయన బండి నడుపుతాడు. మా మామ పడవ నడుపుతాడు. దీన్ని దాని మీదికి ఎక్కించే విషయంలో మా ఇంట్లో మూడు నెలలు గొడవ జరిగింది. ఆ గొడవలో నా లెక్కల నోటుబుక్కు కూడా వాడారు కాబట్టి ఈ వ్యాసం నేను రాయడమే న్యాయం.

మా ఇల్లు చూలైలో ఉంది. మెయిన్ రోడ్డు నుంచి రెండు మలుపులు తిరిగితే మా సందు. ఇంట్లో అమ్మ, నాయన, తమ్ముడు, నాయనమ్మ, నేను. నాయనకు అప్పట్లో టాటా ఏస్ బండి ఉండేది. ఇక్కడ అందరూ దాన్ని 'కుట్టి యానై' అంటారు, అంటే చిన్న ఏనుగు. పొద్దున్నే పార్క్ టౌన్ వైపు వెళ్లి కాగితం కట్టలు, అట్టపెట్టెలు బాడిగకు తోలేవాడు. మామ అంటే మా అమ్మ అన్న. పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు ఉన్న పల్లె వాళ్లది. పెళ్లయ్యాక కాసిమేడు వచ్చి అక్కడే ఫైబర్ పడవ పెట్టుకున్నాడు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. అది తీరం దాటింది బాపట్ల దగ్గర, 5వ తేదీన. కానీ అంతకుముందే 3, 4 తేదీల్లో మా చెన్నైని ముంచేసింది. మాకు దగ్గర్లోనే ఓట్టేరి నాలా ఉంది. బేసిన్ బ్రిడ్జి దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. కాలువే నిండిపోయాక నాలా నీళ్లు ఎక్కడికి పోతాయి? పుళియాంతోపు, పట్టాళం, మా సందు, అన్నీ ఒకటే చెరువు. మా గడప దాటి నీళ్లు లోపలికొచ్చాయి. కరెంటు లేదు. అర్ధ సంవత్సర పరీక్షలు వాయిదా పడ్డాయని తెలిసి తమ్ముడు ఒక్కడే సంతోషపడ్డాడు.

మా నాయనమ్మకు వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించాలి, సోమవారం, గురువారం. 4వ తేదీ సోమవారమే. నాయన బండి స్టార్ట్ చేశాడు. చేయకూడదు. ఏస్ ఇంజన్ డ్రైవర్ సీటు కింద ఉంటుంది, చాలా కిందికి. అప్పటికే గాలి పోయే దారిలోకి నీళ్లు వెళ్లాయి. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు కదా, లోపల రాడ్డు వంగిపోయింది. ఒక్క శబ్దం వచ్చింది, అంతే. తర్వాత దానికి 38 వేలు అయింది. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీది కాబట్టి పైసా రాలేదు.

మామకు ఫోన్ చేశాం. ఆయన పడవ కాసిమేడులో ఖాళీగానే ఉంది, తుఫానుకు ఎవరూ వేటకు పోలేదు. మనుషులు కూడా ఉన్నారు. మధ్యలో ఐదారు కిలోమీటర్లు. కానీ పడవను తెచ్చే లారీ దొరకలేదు. అడిగిన ప్రతి ఒక్కరూ "నా బండి మునిగితే ఎవరిస్తారు?" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను, మా బండి సంగతి చూశాక. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. నాయనమ్మ కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడట్లేదని రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చుంది. నేను పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాను. అది తప్ప చేయగలిగింది ఏమీ లేదు. బుధవారం పొద్దున మా సందు అబ్బాయిలు నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ముల మీద ఒక పాత తలుపు కట్టి, దాని మీద ఆమెను కూర్చోబెట్టి మెయిన్ రోడ్డు దాకా తోసుకుంటూ తీసుకెళ్లారు. ఆమె బతికింది. కానీ అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, ఆసుపత్రి ఫైలు సంచిలో పెట్టుకుని కూర్చుంటుంది.

పడవలు లారీ ఎక్కి ఊళ్లోకి రావడం కొత్త సంగతి కాదు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై జాలర్లు అట్లాగే వచ్చారు. మామ కూడా వెళ్లాడంట, కోట్టూర్‌పురం వైపు. 2018లో కేరళలో జాలర్లు తమ పడవలను లారీల మీద వేసుకుని చెంగన్నూరు దాకా వెళ్లి వేలమందిని కాపాడారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వీధుల్లో పడవలు తిరగడం టీవీలో చూశాం. అవి చూసినప్పుడల్లా నాయన ఏమీ మాట్లాడకుండా లేచి బయటికి వెళ్లేవాడు.

2024 అక్టోబరు 15న మళ్లీ పెద్ద వాన. జనం కార్లను వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేసుకున్నారు. మా ఇంట్లోకి ఈసారి నీళ్లు రాలేదు, గడప దగ్గరే ఆగాయి. ఆ ఆదివారం మామ వచ్చి అన్నాడు: "బావా, ఈ ఏస్ అమ్మేద్దాం. ఇద్దరం కలిసి పడవ మోసే బండి ఒకటి తీసుకుందాం. మామూలు రోజుల్లో నీకు బాడిగ, నాకు వలలు, ఐసు పెట్టెలు. వానొస్తే పడవ."

నాయన సరేనన్నాడు. ఏ బండి అనే దగ్గర ఇద్దరికీ చెడింది.

మామ మొదటి ఆలోచన బండి వెనకాల ట్రెయిలర్ కట్టి లాగడం. ఫోన్‌లో అమెరికా వీడియోలు చూశాడు. అక్కడ పెద్ద పికప్ వెనక చక్రాల చట్రం మీద పడవ పెట్టి, రివర్సులో నేరుగా చెరువులోకి దింపేస్తారు. మామకు అది చాలా నచ్చింది. వాళ్ల పల్లెలో ట్రాక్టరుతో పడవను ఇసక మీద లాగుతారు, కాబట్టి లాగడం ఆయనకు అలవాటే. నాయన మాత్రం, "బావా, నువ్వు లాగేదే చూస్తున్నావు, ఆపేది చూడలా," అన్నాడు. బ్రేకు వేస్తే ముందు బండి ఆగుతుంది కానీ వెనక బరువు ఆగదు, అది ముందు బండిని తోస్తుంది. తేలికైన బండి అయితే పక్కకు మెలి తిరిగిపోతుంది. పైగా ట్రెయిలర్‌కు వేరేగా రిజిస్ట్రేషన్ చేయించాలి. మా చూలై మలుపుల్లో దాన్ని రివర్సు చేయడం ఎవరి వల్లా కాదు. స్కూటరే రివర్సు చేయలేం.

అయితే పడవను బండి మీదికే ఎక్కించాలి. పెద్ద బండి కావాలన్నాడు మామ. చిన్నదే చాలన్నాడు నాయన, సందుల్లో తిరగాలి, డీజిల్ తక్కువ తాగాలి. అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి, "కొలవకుండా ఎందుకు అరుస్తున్నారు?" అంది. అప్పుడు నాకు అనిపించింది, నిజంగానే ఎవరూ ఇంకా ఏమీ కొలవలేదని.

మామ పడవ 28 అడుగులు. మరుసటి ఆదివారం పొద్దున్నే నేనూ తమ్ముడూ సుద్దముక్కలతో మా సందులో 28 అడుగుల పడవ గీశాం. నాలుగు ఇళ్ల ముందు దాకా వచ్చింది. ఇస్త్రీ బండి అన్న, "చూలైకి కప్పల్ ఎప్పుడు వచ్చింది?" అని నవ్వాడు. దాని మీదే వేరే రంగుతో బండ్ల తొట్లు గీశాం. ఏస్ తొట్టి ఏడడుగులు. అశోక్ లేలాండ్ దోస్త్ ఎనిమిది దాటుతుంది. టాటా 407 పది అడుగులు. పడవ ముక్కును క్యాబిన్ పైకి ఎక్కిస్తే ఇంకో ఐదడుగులు కలుస్తాయి. అంటే 407 అయినా పదిహేనే. మిగతా పదమూడు అడుగుల పడవ వెనకాల గాల్లో వేలాడాలి. అట్లా లోడు బయటికి పొడుచుకొస్తే, 2019లో మార్చిన చట్టం ప్రకారం 20 వేల జరిమానా. వరదలో పోలీసులు వదిలేస్తారేమో, మామూలు రోజు వదలరు. వదలకూడదు కూడా. రాత్రిపూట వెనక స్కూటర్ మీద వచ్చేవాడికి ఆ పడవ కనబడదు.

28 అడుగులు పూర్తిగా పట్టాలంటే పెద్ద లారీ కావాలి. పెద్ద లారీలకు పగటి పూట ఊళ్లోకి రావడానికి ఆంక్షలు ఉన్నాయి. నాయన లైసెన్సు కూడా చాలదు. నాయనది ఎల్.ఎం.వి. లైసెన్సు. దానితో 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాయన ఆ వార్త కత్తిరించి బండి కాగితాల్లో పెట్టుకున్నాడు. 407 ఆ బరువు లోపలే వస్తుంది.

సుద్ద గీతలు చూసి మామకు కోపం వచ్చింది. "రోడ్డు మీద గీతలకేముంది, సముద్రంలో ఎవురన్నా గీతలు గీస్తారా?" అన్నాడు. అప్పుడు నేను ఇంకో పని చేశాను. పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు. అక్కడి మేస్త్రీని అడిగి సారవ బొంగులు తెచ్చి, ఒకదానికొకటి కట్టి 28 అడుగులు చేశాం. ఆ బొంగును నేల మీద పెట్టి మా సందు మలుపు తిప్పి చూశాం. మా సందు తొమ్మిది అడుగులు, అది కలిసే సందు కూడా అంతే. ఎట్టా తిప్పినా బొంగు ఇరుక్కుపోయింది. ఒక చివర ఇస్త్రీ బండికి, ఇంకో చివర మా ఎదురింటి గేటుకు తగిలింది. ఉత్త బొంగే తిరగలేదు, అయిదడుగుల వెడల్పు పడవ ఎట్టా తిరుగుతుంది?

మామ చాలాసేపు ఆ మలుపు దగ్గరే నిలబడ్డాడు. 2023లో లారీ దొరికి ఉన్నా తన పడవ మా ఇంటి దాకా వచ్చేది కాదని ఆయనకు అప్పుడే అర్థమైంది. మాకు కూడా. ఏడాది పాటు ఇంట్లో అందరం "లారీ దొరికి ఉంటే" అని అనుకుంటూనే ఉన్నాం.

"అయితే బండి కాదు, ముందు పడవ మార్చాల," అన్నాడు మామ చివరికి. "మా నాయన పడవ ఉండాది గదా."

మా తాత పడవ గురించి అందరూ మర్చిపోయారు. పులికాట్‌లో రొయ్యలకు వెళ్లేవాడు తాత. సముద్రం పడవ కాదు, సరస్సు పడవ. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, మోకాలి లోతు నీళ్లలో కూడా తేలుతుంది. తాత పోయాక వేపచెట్టు కింద బోర్లా పడి ఉంది. మామ ఊరికి వెళ్లి టేపుతో కొలిచి ఫోన్ చేశాడు. పొడవు 14 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు నాలుగడుగులు. ఆరుగురు పట్టుకుంటే లేస్తుంది. నేను నోటుబుక్కులో మా మలుపు గీసి లెక్క వేశాను. నాలుగడుగుల వెడల్పుతో పదిహేడడుగుల దాకా తిరగొచ్చు. సరిపోయింది.

ఇక బండి లెక్క. ముక్కు క్యాబిన్ పైన పెడితే పడవ వాలుగా ఉంటుంది. ముక్కు ఐదున్నర అడుగులు పైకి లేస్తే పైథాగరస్ ప్రకారం కింద పట్టే పొడవు 13.6 అడుగులే. 407లో పెడితే వెనక తలుపు మూసుకుంటుంది. దోస్త్‌లో అంచు బయటికి వస్తుంది. నాయన దోస్త్ కోసం ఇంకో రెండు రోజులు వాదించాడు, మైలేజీ అన్నాడు. కానీ 407 ఎత్తు ఎక్కువ, ఇంజన్ ముందు వైపు ఉంటుంది. సీటు కింద మునిగిన ఇంజన్ గుర్తొచ్చి తానే ఆగిపోయాడు.

2025 జనవరిలో మాధవరంలో ఒక సెకండ్ హ్యాండ్ 407 చూశారు. 2014 మోడల్. నాయన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి చాసిస్ తుప్పు, పట్టీలు, ఎఫ్.సి. తేదీ అన్నీ చూశాడు. ఏస్ అమ్మిన డబ్బు, మామ వాటా పోను తక్కువ పడింది. అమ్మ గాజులు కుదువ పెట్టారు. నాకు పదో తరగతి ట్యూషన్‌కు అనుకున్న డబ్బు కూడా అందులోనే పోయింది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నే. అడగలేదనే కొంచెం బాధ.

క్యాబిన్ పైన ఇనుప చట్రం చేయించడానికి పుదుపేట వైపు వెళ్లారు. చట్రం మీద పాత టైరు ముక్కలు కట్టారు, పడవ రాసుకోకుండా. వెల్డింగ్ రోజు నాయనమ్మ ఒకే ప్రశ్న అడిగింది: "అంతా బాగానే ఉండాది, నేనెక్కేదానికి మెట్టు ఏదిరా?" ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు నెలల్లో పడవ ఎట్టా ఎక్కుతుందనే ఆలోచించారు, ఆమె ఎట్టా ఎక్కుతుందని ఎవరూ ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు. వెనక తలుపు కింద రెండు ఇనుప మెట్లు, పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించారు.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కాబట్టి మామ ఖాళీ. మే నెలలో ఊరి నుంచి తాత పడవను తెచ్చారు. సూళ్లూరుపేట దాకా మెల్లగా, తర్వాత హైవే మీద. మోకులు బిగించి ఉన్నాయా అని మూడుచోట్ల ఆపి చూసుకున్నారంట. చూలైలో పడవ ముక్కుకు కేబుల్ వైర్లు అడ్డమొచ్చాయి. మామ పైకెక్కి వెదురు కర్రతో ఒక్కొక్కటే ఎత్తుతుంటే నాయన అడుగు అడుగుగా తోలాడు. అన్నీ కొలిచాను కానీ వైర్ల ఎత్తు కొలవలేదు. వానలో ఆ తడి వైర్లను ఎవరు ఎత్తుతారో ఇప్పటికీ తెలియదు. దానికి ఇంకా దారి వెతుకుతున్నాం.

బండి మెయిన్ రోడ్డు మీదే ఆగింది. సందు అబ్బాయిలు ఆరుగురు పడవను దించి మోసుకొచ్చారు. 2023లో తలుపు తోసినవాళ్లలో నలుగురు అందులో ఉన్నారు. మలుపు దగ్గర అందరూ నా వైపు చూశారు. తిరిగింది. ఒకవైపు అడుగు, ఇంకోవైపు అంతకన్నా తక్కువ ఖాళీ.

ఎండకు కాలుతున్న రోడ్డు మీద, మా గడప ముందు పడవ దింపారు. చిన్న పిల్లలందరూ ఎక్కేశారు. నాయనమ్మ బయటికి వచ్చి వాళ్లను దిగమని అరిచి, నా భుజం పట్టుకుని తాను ఎక్కి అడ్డబల్ల మీద కూర్చుంది. చేతిలో ఆసుపత్రి ఫైలు సంచి అట్లాగే ఉంది. కొంచెంసేపు అటూ ఇటూ చూసి మామను అడిగింది, "ఇందులో ముందు ఎటువైపబ్బాయ్?"